నా ఇయర్‌ఫోన్స్‌లో తొంభైల ర్యాప్

ర్యాప్ అనగానే మనలో చాలామందికి ఒకటే బొమ్మ కనిపిస్తుంది. మెడలో లావుపాటి గొలుసు, తిప్పి పెట్టుకున్న టోపీ, చేతులు గాల్లో ఊపుతూ గుక్క తిప్పుకోకుండా ఏదో అనేస్తున్న మనిషి. అందులో మన తప్పేం లేదు. మన దగ్గరికి ర్యాప్ సినిమా దారిలోనే వచ్చింది. 1994 నాటి ‘ప్రేమికుడు’లో ర్యాప్ పాటకి ప్రభుదేవా వేసిన స్టెప్పులు మా మేనమామ ఇప్పటికీ బరాత్‌లో వేస్తాడు. మోకాళ్లు సహకరించకపోయినా సరే.

అదే 1994లో న్యూయార్క్‌లో 20 ఏళ్ల కుర్రాడొకడు జైల్లో ఉన్న దోస్తుకి ఉత్తరం రాస్తున్నట్టు ఒక పాట చేశాడు. నువ్వు లోపలికి పోయాక బయట ఏమేం జరిగాయో చెప్పే పాట. అందులో గొలుసూ లేదు, స్టెప్పులూ లేవు. గల్లీ కబుర్లు ఉన్నాయి, వాటి వెనకాల బోలెడంత దిగులుంది.

నేను 1998లో పుట్టాను. అంటే నాకిష్టమైన ఈ పాటల్లో చాలావరకు వయసులో నాకంటే పెద్దవి. అన్నలు, అక్కలు అన్నమాట. వాటి దగ్గరికి నేను సంగీతం మీద ప్రేమతో వెళ్లలేదు. ఉద్యోగం తోలుకుపోయింది.

మార్కుల షీట్‌లో అమ్మ భాష

మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ ఉద్యోగం దొరికింది. అమెరికా కస్టమర్లు ఫోన్ చేస్తారు. బిల్లు ఎందుకు పెరిగిందో వాళ్లకి ఓపిగ్గా చెప్పాలి. ఫ్లోర్ మీదకి పంపే ముందు ఆరు వారాలు ట్రైనింగ్. అందులో సగం టైమ్ మా నోళ్లు సరిచేయడానికే పోయేది. ‘వి’ అన్నప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి. ‘డబ్ల్యూ’ అన్నప్పుడు పెదాలు సున్నా చుట్టాలి. ముప్పై మందిమి అద్దం ముందు నిలబడి సున్నాలు చుట్టేవాళ్లం.

మార్కుల షీట్‌లో ఒక గడి ఉండేది. దాని పేరు ఎంటీఐ. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. అంటే మన ఇంగ్లిష్‌లో మాతృభాష వాసన ఎంతుందో కొలవడం. ఎంత తక్కువుంటే అంత మంచిది. నాకు ఎక్కువుండేది. అమ్మ నేర్పిన మాట ఏదో జ్వరం అయినట్టు, ఈ వారం ఎంత తగ్గిందో ప్రతి శుక్రవారం చూసి చెప్పేవాళ్లు. తగ్గకపోతే ట్రైనింగ్ నుంచే ఇంటికి. నాన్నకి షుగర్, తమ్ముడికి బీటెక్ ఫీజు. ఇంటికెళ్లే ఆప్షన్ నాకు లేదు.

“అమెరికావోళ్ల మాట చెవికి పట్టాలంటే పాటలు వినాలె” అని క్యాబ్‌లో పక్క సీటు అన్న ఒకాయన చెప్పాడు. పాప్ పాటలేవో పంపుతాడనుకున్నా. తొంభైల ర్యాప్ ప్లేలిస్ట్ పంపాడు. “ఇవి సమజైతే నీకు ఏ కస్టమరైనా సమజైతడు” అన్నాడు.

సమజవడానికి నెల పట్టింది. లిరిక్స్ ఒక ట్యాబ్‌లో, డిక్షనరీ ఇంకో ట్యాబ్‌లో పెట్టుకుని కూర్చునేదాన్ని. కానీ అర్థమవుతున్నకొద్దీ ఒక విచిత్రం కనిపించింది. ట్రైనింగ్‌లో మాకు రుద్దుతున్న ఆ ‘న్యూట్రల్’ ఇంగ్లిష్ ఈ పాటల్లో ఒక్కరూ మాట్లాడటం లేదు! క్వీన్స్ కుర్రాడి మాట వేరు, లాస్ ఏంజెలెస్ మాట వేరు, అట్లాంటా సాగదీత వేరు. పైగా ఎవరి మాట వాళ్లదే ఉండాలి. ఇంకొకడి తీరు ఎత్తుకొస్తే అక్కడ పరువు పోయినట్టే. ప్రతి పాటకీ ఒక అడ్రస్ ఉంటుంది, ఒక్కోసారి వీధి పేరుతో సహా.

అందుకే నా ఎనిమిది పాటల్ని ర్యాంకులు వేసి కాకుండా ఊళ్ల వారీగా చెప్తా.

న్యూయార్క్: పుట్టిల్లు

ముందు పుట్టిల్లు సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింది హాల్లో ఒక పార్టీ జరిగింది. సిండీ అనే అమ్మాయి స్కూల్ తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని డబ్బుల కోసం పెట్టిన పార్టీ అది. రికార్డులు వేసింది వాళ్లన్న, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు. డీజే కూల్ హెర్క్ అంటారు. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కాసేపట్లోనే జనం ఎక్కువ ఊగుతున్నారని అతను కనిపెట్టాడు. ఆ చిన్న ముక్కని సాగదీయడం మొదలుపెట్టాడు. దాని మీద మైకులో మాటలు పడ్డాయి. హిప్ హాప్‌కి పుట్టినరోజు అదేనని లెక్క.

1. చెక్ ద రైమ్ (1991)

ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే గ్రూపు పాట. క్యూ-టిప్, ఫైఫ్ డాగ్ ఇద్దరూ న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో చిన్నప్పటి దోస్తులు. పాట మొత్తం ఇద్దరి మధ్య ముచ్చటలా నడుస్తుంది. ఒకడు అడుగుతాడు, ఇంకొకడు అందుకుంటాడు. వాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకున్న లిండెన్ బులెవార్డ్ అనే రోడ్డు పేరు పాటలోకి వచ్చేస్తుంది. వీడియో కూడా ఆ రోడ్డు మీదే, ఒక లాండ్రీ షాపు పైకప్పు ఎక్కి తీశారు.

ఫైఫ్‌కి మధుమేహం. దాన్ని దాచుకోలేదు. తీపి మీద తనకున్న పిచ్చిని, జబ్బుని పాటల్లో జోకులుగా చెప్పుకున్నాడు. 2008లో భార్యే కిడ్నీ ఇచ్చింది. 2016 మార్చిలో, 45 ఏళ్ల వయసులో పోయాడు. అదే ఏడాది లిండెన్ బులెవార్డ్ దగ్గర వీధికి అతని పేరు పెట్టారు. వీధి పేరు పాటలో చెప్పినవాడి పేరు చివరికి వీధి బోర్డు ఎక్కింది. మా నాన్న ఇన్సులిన్ పెన్ను జేబులో పెట్టుకుని పెళ్లి భోజనానికి వెళ్తుంటే నాకు ఫైఫ్ గుర్తొస్తాడు. ఇద్దరికీ జిలేబీ దగ్గర మాట నిలవదు.

2. దే రెమినిస్ ఓవర్ యూ (1992)

పీట్ రాక్, సీఎల్ స్మూత్ జంట పాట. వీళ్లది న్యూయార్క్ సిటీని ఆనుకుని ఉన్న మౌంట్ వెర్నన్. 1990లో వాళ్ల దోస్తు ట్రాయ్ డిక్సన్ కచేరీ టూర్‌లో ఉండగా ప్రమాదవశాత్తు పడి చనిపోయాడు. 22 ఏళ్లు. పాట పేరులోని మాటల మొదటి అక్షరాలు కలిపితే అతని పేరే వస్తుంది, ట్రాయ్ అని.

చనిపోయిన వాడి మీద పాట అంటే ఏడుపు ఉంటుందనుకుంటాం. ఇందులో సీఎల్ స్మూత్ తన తల్లితో మొదలుపెట్టి ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వచ్చి చివర్లో దోస్తు దగ్గర ఆగుతాడు. దినం భోజనాల దగ్గర పెద్దవాళ్లు కూర్చుని పాత సంగతులు తవ్వుకుంటారు చూడండి, అలా.

పాటలో తిరిగి తిరిగి వచ్చే ఆ శాక్సఫోన్ ముక్క టామ్ స్కాట్ అనే ఆయన 1967 రికార్డులోది. పాత రికార్డులోంచి చిన్న ముక్క కత్తిరించి దాని మీద కొత్త పాట కట్టడాన్ని శాంప్లింగ్ అంటారు. పీట్ రాక్ చేతిలో ఉన్న ఎస్పీ-1200 మెషీన్‌లో మొత్తం కలిపి 10 సెకన్ల శబ్దమే పట్టేది. ఆ కాలం వాళ్లు రికార్డుని కావాలని స్పీడ్‌గా తిప్పి ఎక్కించి, తర్వాత మెషీన్‌లో మెల్లగా చేసుకునేవాళ్లు. అలా చేయడం వల్ల శబ్దం కొంచెం గరుకుగా, వెచ్చగా వచ్చేది. ఇప్పుడు మన ఫోన్‌లో వందల గంటల పాటలు పడతాయి. ఆ గరుకు కోసం ఈ కాలం వాళ్లు ఫిల్టర్లు వెతుక్కుంటున్నారు.

3. వన్ లవ్ (1994)

మొదట్లో చెప్పిన ఉత్తరం పాట ఇదే. పాడింది నాస్. ఊరు క్వీన్స్‌బ్రిడ్జ్. పేరుకి ఊరంటున్నా గానీ అది ప్రభుత్వం కట్టిన అద్దె ఇళ్ల సముదాయం. 1939లో తెరిచారు. 3,000కి పైగా ఫ్లాట్లు. ఉత్తర అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం ఇంకోటి లేదు. నాస్ ఎనిమిదో క్లాసు తర్వాత బడి మానేశాడు. తండ్రి ఓలు దారా జాజ్ సంగీతకారుడు.

అతని మొదటి ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ 1994 ఏప్రిల్‌లో వచ్చింది. మొత్తం 40 నిమిషాలు. నేను ఆఫీస్ క్యాబ్ ఎక్కి దిగేలోపు అయిపోతుంది. కవర్ మీద ఏడేళ్ల నాస్ ఫొటో, ఆ పిల్లాడి మొహంలోంచి కనిపించే క్వీన్స్‌బ్రిడ్జ్ బిల్డింగులు.

‘వన్ లవ్’లో మొదటి రెండు చరణాలు జైల్లో ఉన్న ఇద్దరికి ఉత్తరాలు. నీ కొడుకు పుట్టాడు, నీలాగే ఉన్నాడు. ఫలానావాడు మారిపోయాడు. మీ అమ్మకి ఇంత ఇచ్చి వచ్చాను. ఇలాంటి కబుర్లు. మూడో చరణంలో కథ మారుతుంది. బెంచీ మీద పన్నెండేళ్ల పిల్లాడు కనిపిస్తాడు. వాడప్పుడే తుపాకుల భాష మాట్లాడుతున్నాడు. మొదటి రెండు ఉత్తరాలు ఎవరికి రాశాడో, మూడో ఉత్తరం ఎవరికి రాయాల్సి వస్తుందో మనకి అప్పుడు తెలుస్తుంది. నాస్ ఆ మాట ఎక్కడా అనడు. పిల్లాడికి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతాడు.

ట్యూన్ కట్టింది మన క్యూ-టిప్పే. వెనకాల టింగ్ టింగ్ మని వినిపించేది ఎంబిరా అనే ఆఫ్రికా వాయిద్యం. బొటనవేళ్లతో మీటుతారు. హీత్ బ్రదర్స్ అనే జాజ్ బృందం 1975 రికార్డులోంచి తీసుకున్నాడు. రాత్రి మూడున్నర బ్రేక్‌లో క్యాంటీన్ బయట మెట్ల మీద కూర్చుని వింటే, ఆ శబ్దం నీళ్ల చుక్కల్లా పడుతుంటుంది. ఊళ్లో నాతో చదువుకున్నవాళ్లలో ఎవరెక్కడున్నారో అప్పుడే లెక్కేసుకుంటా. దుబాయ్‌లో ఇద్దరు, మస్కట్‌లో ఒకడు. ఒకమ్మాయి పెళ్లయ్యాక ఫోన్ ఎత్తట్లేదు.

న్యూజెర్సీ: అమ్మాయిల వైపు

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ పాటల లోకంలో ఆడవాళ్లని పిలిచే పిలుపులు వింటే ఒళ్లు మండుతుంది. నాకిష్టమైన ఆల్బమ్‌లలోనే నేను దాటేసే పాటలున్నాయి. “అది వాళ్ల వాతావరణం, పట్టించుకోకు” అని అబ్బాయిలు తేలిగ్గా అనేస్తారు. పట్టించుకోకుండా ఎలా ఉంటాం? తిట్టు ఏ భాషలో ఉన్నా అది మన మీదే కదా. ఆ మాట అప్పట్లోనే, ఆ లోకం లోపలే నిలబడి అన్నవాళ్లు ఇద్దరు న్యూజెర్సీ వాళ్లు.

4. యూనిటీ (1993)

క్వీన్ లతీఫా. నువార్క్‌లో పుట్టి ఈస్ట్ ఆరెంజ్‌లో పెరిగింది. ఈ పాటలో మూడు ముక్కలున్నాయి. రోడ్డు మీద చెయ్యేసినవాడి సంగతి ఒకటి, ఇంట్లో కొట్టేవాడి సంగతి ఒకటి, మగవాళ్లలా రౌడీతనం నెత్తిన వేసుకుంటున్న అమ్మాయికి హితవు ఒకటి. తిట్టు పెట్టి పిలిచినవాణ్ని ఎవర్నిరా అంటున్నావని నిలదీస్తుంది. ఆ నిలదీత కూడా శాక్సఫోన్ మీద, తాపీగా.

ఆ ఆల్బమ్‌ని ఆమె 1992లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయిన అన్నకి అంకితమిచ్చింది. పాటకి 1995లో గ్రామీ అవార్డు వచ్చింది. సిటీ బస్సులో నిలబడి వెళ్లాల్సి వచ్చినప్పుడు నేను పెట్టుకునే పాట ఇదే. ఎందుకో అమ్మాయిలకి వివరించక్కర్లేదు.

5. డూ-వాప్ (1998)

లారిన్ హిల్. సౌత్ ఆరెంజ్ అమ్మాయి. అప్పటికి 23 ఏళ్లు. మొదటి చరణం అమ్మాయిలకి బుద్ధి చెప్తుంది, రెండోది అబ్బాయిలకి. ఎవర్నీ వదలదు, అలాగని ఎవర్నీ తక్కువ చేయదు. మన ఇళ్లలో పెద్దక్క ఉంటుంది చూశారా, చీవాట్లు పెడుతూనే అన్నం కలిపి ముద్దలు పెట్టే రకం. అచ్చం అలా. వీడియోలో తెర రెండు సగాలుగా ఉంటుంది. ఒకవైపు 1967, ఇంకోవైపు 1998. రెండు కాలాల్లోనూ అదే వీధి, అదే అమ్మాయి.

ఈ పాట అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయింది. 1999లో ఆమె ఆల్బమ్‌కి ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ వచ్చింది. హిప్ హాప్ ఆల్బమ్‌కి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. తెచ్చింది ఒక ఆడపిల్ల. ఈ సంగతి మా క్యాబ్‌లో అబ్బాయిలకి నెలకోసారైనా గుర్తుచేస్తుంటా.

కాలిఫోర్నియా: అటు ఒడ్డు

6. ఇట్ వాజ్ ఎ గుడ్ డే (1993)

ఐస్ క్యూబ్‌ది లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగం. 1992 ఏప్రిల్ 29న, రోడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని చితకబాదిన పోలీసుల్ని కోర్టు దాదాపుగా వదిలేసినరోజు, ఆ నగరం భగ్గుమంది. ఆ అల్లర్లలో 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆల్బమ్‌లోది ఈ పాట. 1993లో సింగిల్‌గా వచ్చింది.

అంత మంట మధ్య నుంచి వచ్చిన పాట కదా, కేకలుంటాయనుకుంటాం. ఉండవు. ఒక మామూలు రోజు గురించి చెప్తాడు. అమ్మ టిఫిన్ పెట్టింది. బాస్కెట్‌బాల్ బాగా ఆడాను. పోలీసులు పక్క నుంచే పోయారు, ఆపలేదు. తెలిసినవాళ్లెవరూ ఇవాళ చావలేదు. ఐస్లీ బ్రదర్స్ 1977 పాట ముక్క మీద ఊయల ఊగినట్టు చెప్పుకుంటూ పోతాడు. ఇంతమాత్రం దానికే మంచి రోజు అంటున్నాడంటే మిగతా రోజులెలా ఉంటాయో మనమే ఊహించుకోవాలి. వీడియో చివర్లో ఇల్లంతా పోలీసులు చుట్టుముడతారు. మంచి రోజు అయిపోయింది.

ఒక్క కస్టమర్ కూడా మేనేజర్‌ని పిలవమని అరవని షిఫ్ట్ ఎప్పుడైనా దొరికితే, తెల్లారి ఇంటికెళ్తూ మా క్యాబ్‌లో ఇదే పాట మోగుతుంది. డ్రైవర్ అన్న కూడా తల ఊపుతాడు.

7. డియర్ మామా (1995)

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

టూపాక్ షకూర్ న్యూయార్క్‌లో పుట్టి, బాల్టిమోర్‌లో చదివి, కాలిఫోర్నియాలో పెద్దవాడయ్యాడు. తల్లి అఫీనీ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. బాంబుల కుట్ర కేసులో ఆమెని, ఇంకా ఇరవై మందిని ఇరికించారు. కడుపుతో జైల్లో ఉంది. లాయర్ లేకుండా కోర్టులో తన కేసు తనే వాదించుకుంది. 1971 మే నెలలో నిర్దోషిగా బయటికి వచ్చింది. జూన్ 16న కొడుకు పుట్టాడు. తర్వాతి కాలంలో పేదరికం, డ్రగ్స్ అలవాటు ఆమెని కిందికి లాగేశాయి. కొడుకు ఇల్లు వదిలేశాడు. మళ్లీ ఆమె ఆ అలవాటు నుంచి బయటపడింది.

పాటలో ఇదంతా ఉంది. అమ్మ దేవత అనడు. అమ్మకి డ్రగ్స్ అలవాటుండేదని అందరి ముందూ చెప్తాడు. అయినా నన్ను మోసింది నువ్వే, నీ రుణం తీరదు అంటాడు. తల్లిని మెచ్చుకునే పాటలు మనకి సినిమాకొకటి ఉన్నాయి. తల్లి కష్టాన్నీ, తల్లి బలహీనతనీ ఒకే గొంతుతో చెప్పి రెండు చేతులా దండం పెట్టిన పాట నేను వేరేది వినలేదు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. 1995 మార్చిలో ఈ పాట ఉన్న ఆల్బమ్ నంబర్ వన్ అయ్యేటప్పటికి టూపాక్ జైల్లో ఉన్నాడు. ఒక అమ్మాయిని లైంగికంగా వేధించిన కేసులో శిక్ష. తల్లికి దండం పెట్టిన నోరూ ఆ శిక్ష పడ్డ మనిషీ ఒకరే. రెంటిలో ఏదో ఒకటి మర్చిపోతే వినడం తేలికే. నేను మర్చిపోను. పాట మాత్రం వింటాను. 1996 సెప్టెంబర్‌లో లాస్ వేగాస్‌లో అతణ్ని కాల్చి చంపారు. 25 ఏళ్లు.

మా అమ్మ బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించే కత్తెర చప్పుడుకి అలవాటుపడి, చిన్నప్పుడు అది లేకపోతే నాకు నిద్రపట్టేది కాదు. మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు ఈ పాట పెట్టా.

“ఏం పాటలే ఇవి? ఎవరినో తిడుతున్నట్టే ఉన్నది” అంది.

“తిడుతలేడు. వాళ్లమ్మకు చెప్తున్నడు” అని ఒక్కో లైనూ ఆపి మన మాటల్లో చెప్పా. అమ్మ చేతులు ఆగలేదు. ఆకు, తంబాకు, దారం. తల మాత్రం నా వైపు తిప్పింది.

“ఆ తల్లి ఉన్నదా?”

“2016ల పోయిందమ్మా. కొడుకు పోయినంక ఇరవై ఏండ్ల దాక బతికింది.”

కాసేపు ఏమీ అనలేదు. కట్ట కట్టి పక్కన పెట్టాక అంది: “పాటైతే విన్నది గదా బిడ్డా. మల్లొక్కసారి పెట్టు.”

ఎంటీఐ గడిలో దేన్ని తగ్గించుకోమన్నారో ఆ భాషలోనే ఆ పాట మా ఇంట్లోకి వచ్చింది. వేరే భాషలో చెప్తే మా అమ్మకి చేరేది కాదు.

అట్లాంటా: దక్షిణాది గొంతు

8. ఎలివేటర్స్ (1996)

తొంభైల మొదట్లో ర్యాప్ అంటే రెండే ఊళ్లు. ఇటు న్యూయార్క్, అటు లాస్ ఏంజెలెస్. దక్షిణాది రాష్ట్రాల వాళ్ల మాట సాగుతుంది కాబట్టి వాళ్లంటే న్యూయార్క్ వాళ్లకి కొంచెం చులకన. ఆండ్రే, బిగ్ బాయ్ అనే ఇద్దరు అట్లాంటా కుర్రాళ్లు హైస్కూల్ రోజుల్లో కలిశారు. ఒక నిర్మాత తల్లిగారి ఇంటి కింద, మట్టి నేల ఉన్న సెల్లార్లో పాటలు కట్టారు. గ్రూపు పేరు అవుట్‌కాస్ట్. వెలివేసినవాళ్లు అని అర్థం.

1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో ‘సోర్స్ అవార్డ్స్’ వేడుక. ఉత్తమ కొత్త గ్రూపు అవార్డు వీళ్లకి ప్రకటించారు. హాలంతా వెక్కిరింపుగా అరుపులు. ఇరవై ఏళ్లు నిండిన ఆండ్రే మైకు అందుకుని, దక్షిణాదికి కూడా చెప్పాల్సిన మాట ఉంది అన్న అర్థంలో ఒక్క ముక్క అని దిగిపోయాడు. ఆ వీడియో దొరికితే చూడండి. గొంతులో వణుకుంది, బెదురు లేదు.

మరుసటి ఏడాది ‘ఎలివేటర్స్’ వచ్చింది. మాట సరిచేసుకుని రాలేదు. ఇంకా సాగదీశారు. బేస్, కాస్త డ్రమ్స్, ఎక్కువ ఖాళీ. తామెక్కడ మొదలయ్యారో చెప్తారు. చివర్లో పాత పరిచయస్తుడొకడు ఎదురుపడి, నీకేంటన్నా బాగా సంపాదించావు అంటాడు. నేనూ నీలాగే ఈ నెల చెక్కు నుంచి వచ్చే నెల చెక్కు దాకా ఈదుతున్నానని జవాబు. హైదరాబాద్‌లో ఉద్యోగం అనగానే ఊళ్లో వాళ్లు నన్ను చూసే చూపుకి ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

ఆ తర్వాత కథ తెలిసిందే. హిప్ హాప్ కేంద్రం మెల్లగా అట్లాంటాకి జరిగింది. 2004లో అవుట్‌కాస్ట్‌కి ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ వచ్చింది.

ఆ హాల్లో అరుపులు నాకు కొత్తగా అనిపించలేదు. తెలుగు సినిమాల్లో మా యాస ఏళ్లతరబడి విలన్ పక్కనుండే రౌడీకో, కామెడీ బిట్‌కో ఉండేది. హీరోయిన్ ప్రేమించాలంటే మాత్రం భాష మారిపోవాలి. 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి బాన్సువాడ పిల్లగా మొదటి నుంచి చివరి దాకా మా మాటే మాట్లాడితే, థియేటర్లో మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 2023లో ‘బలగం’ వచ్చేసరికి యాసని ఎవరూ వింతగా చూడలేదు. రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

ఇప్పుడేంటంటే

ట్రైనింగ్ పాసయ్యాను. ఉద్యోగం చేస్తున్నాను. ఫోన్ ఎత్తగానే ‘డబ్ల్యూ’కి సున్నా చుడతాను. అది నాకు మెడలో వేసుకునే ఐడీ కార్డు లాంటిది. గేటు దగ్గర చూపించడానికి. షిఫ్ట్ అయ్యాక తీసి బ్యాగులో వేసేస్తా. జార్జియా నుంచి ఏ పెద్దావిడో ఫోన్ చేసి మాట సాగదీస్తే పక్కవాళ్లు కాల్ నాకు తోసేస్తారు. ఆ సాగదీత నాకు చుట్టాల మాటలా వినిపిస్తుంది. మార్కుల షీట్‌లో ఎంటీఐ గడి ఇప్పటికీ ఉంది. కొత్త బ్యాచ్ పిల్లలు దాన్ని చూసి మొహం వేలాడేసుకుంటే నేను వాళ్లకి అన్న పంపిన ప్లేలిస్టే పంపుతున్నా.

మీరూ వినాలనుకుంటే ఒక చిన్న సలహా. మొదటి రోజే ‘వన్ లవ్’ పెట్టుకోకండి, లిరిక్స్ చూడకుండా అందదు. ‘డూ-వాప్’తో మొదలుపెట్టండి, కాలు దానంతటదే ఆడుతుంది. తర్వాత ‘గుడ్ డే’. ‘డియర్ మామా’ మాత్రం ఇంటికెళ్లే బస్సులో వినండి. కొన్ని పాటల్లో బూతులుంటాయి, ఇంట్లో స్పీకర్‌లో పెట్టే ముందు చూసుకోండి.

ఇక ‘ఎలివేటర్స్’. అది వినడానికి టైమంటూ లేదు. మీ మాట విని ఎవరైనా నవ్విన రోజు వినండి.